మేడ మీద తొక్కుడుబిళ్ల

మా స్కూల్లో ఆటల పీరియడ్ వస్తే నాకంటూ ఒక చోటుండేది. గ్రౌండు పక్కన వేపచెట్టు, దాని మొదట్లో సిమెంటు అరుగు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఆడపిల్లలందరూ వాచీలు, గాజులు, చున్నీలు నా ఒళ్లో పడేసి ఖోఖోకి పరిగెత్తేవాళ్లు. నేను వాటికి కాపలా. అందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి జూన్‌లో అమ్మే స్కూలుకొచ్చి ఉత్తరం ఇచ్చిపోయేది, "మా పాపకి ఊపిరితిత్తుల జబ్బు, దయచేసి ఆటలాడించొద్దు" అని. ఇంట్లోనూ అంతే. బిందె పట్టుకుంటే నాన్న లాక్కునేవాడు. మెట్లెక్కుతుంటే అవ్వ కింద నుంచి "నిదానం తల్లీ, నిదానం" అని కేకేసేది. పదో తరగతి కరోనాలో పోయింది. ఆ ఏడాదంతా మంచం, సెల్‌ఫోను. మనిషి ఎముకలు గట్టిపడేది సరిగ్గా ఆ వయసులోనేనని మాలో ఒక్కరికీ తెలీదు.

నాకు సిస్టిక్ ఫైబ్రోసిస్. సీఎఫ్ అంటారు. పుట్టుకతో వచ్చేది, అంటుకునేది కాదు. ఏడో క్రోమోజోము మీద ఉండే ఒక జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి, రెండు వైపులా చెడిపోయి వస్తే ఈ జబ్బు వస్తుంది. ఆ జన్యువును 1989లో కనిపెట్టారు. మా అమ్మానాన్నలది మేనరికం. నేను అవ్వ అని పిలిచే మనిషి నాన్నకి తల్లి, అమ్మకి మేనత్త. ఒంట్లో ఉప్పూ నీరూ కణాల్లోంచి అటూ ఇటూ సరిగ్గా కదలవు కాబట్టి, ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టుకుంటుంది. క్లోమం నుంచి అరుగుదల రసం పేగులోకి రాదు. చిన్నప్పుడు ఎంత నెయ్యి పోసి పెట్టినా నేను పుల్లలానే ఉండేదాన్ని. మొదట రెండుసార్లు టీబీ అని మందులు వాడించారు. ఏడో ఏట వేలూరులో చెమట పరీక్ష చేశారు. ముంజేతి మీద చిన్న కరెంటుతో మందు ఎక్కించి, వచ్చిన చెమటను పట్టి క్లోరైడ్ ఎంతుందో చూస్తారు. 60 దాటితే ఈ జబ్బే. నాకు 98.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు మా బతుకంతా ఊపిరితిత్తుల చుట్టూనే తిరిగింది. నెబ్యులైజరు, కఫం తీసే వ్యాయామం, తిండితో పాటు ఎంజైము గుళికలు, మూడు నెలలకోసారి చిత్తూరు నుంచి వేలూరు బస్సు. పద్నాలుగో ఏట ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజుకి ఒళ్లు ఎదురుతిరిగింది. సీఎఫ్ ఉన్నవాళ్లలో ఇది కొత్తేమీ కాదట. ఎనిమిది నెలలు స్టెరాయిడ్ మాత్రలు మింగాను. మొహం గుండ్రంగా ఉబ్బింది. చుట్టాలు "పాప ఒళ్లు చేసింది, మంచిది" అని సంతోషించారు. ఆ మాత్రలు లేకపోతే ఊపిరి ఆడేది కాదు, అది నిజం. అవి ఎముకను లోపల్నుంచి తినేశాయన్నదీ నిజమే.

2022 జనవరి, సంక్రాంతి అయిన మూడో రోజు. ఇంటర్ మొదటి సంవత్సరం. రాత్రి పడుకునే ముందు ఎప్పటిలానే దగ్గుతున్నాను. కుడి రొమ్ము కింద, ఎండుపుల్ల విరిచినట్టు సన్నగా 'టిక్'మంది. చప్పుడు నాకొక్కదానికే వినిపించిందేమో తెలీదు. మరుక్షణం ఊపిరి తీసుకోలేకపోయాను. మర్నాడు తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, కండరం పట్టిందన్నారు. రెండు వారాల తర్వాత వేలూరులో తీసిన దాంట్లో ఏడో పక్కటెముక మీద చిన్న బుడిపె కనిపించింది. చిట్లిన ఎముక అతుక్కునేటప్పుడు అలా బుడిపె కడుతుందట. దగ్గితే పక్కటెముక విరగడం! పడలేదు, ఎవరూ కొట్టలేదు.

ఆ రెండు వారాలూ ఎలా గడిచాయో రాయాలి. మాకు ఎముక విరిగితే నష్టం ఎముక దగ్గరే ఆగదు. నొప్పికి నేను దగ్గడం మానేశాను. దగ్గకపోతే కఫం బయటికి రాదు. లోపలే నిలిచిన కఫంలో క్రిములు పెరిగాయి. పదో రోజుకి జ్వరం, ఆకుపచ్చ కఫం, మెట్లెక్కితే పెదాలు నీలంగా. చివరికి 14 రోజులు ఆసుపత్రిలో నరానికి యాంటీబయాటిక్. ఊపిరి ఊదే పరీక్షలో 66 శాతం ఉన్నది 54కి పడింది. ఒక్క సన్నటి ఎముక చిట్లినందుకు ఇంత. వెన్నుపూసలు అణిగినవాళ్లకి ఇంకా కష్టం, నడుం ముందుకు వంగిపోయి ఊపిరితిత్తులు విప్పారడానికి చోటే ఉండదని అక్కడి డాక్టర్ గారు చెప్పారు.

అప్పుడే ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. పేరుకి భయపడ్డాను గానీ పరీక్ష చాలా తేలిక. కాల్షియం మాత్ర ముందురోజు నుంచి ఆపమన్నారు. గొలుసు, హుక్కులున్న లోపలి బట్టలు తీసేయించి ఆసుపత్రి గౌను ఇచ్చారు. బల్ల మీద వెల్లకిలా పడుకుంటే కాళ్ల కింద పెద్ద స్పాంజి దిమ్మ పెట్టారు, నడుం బల్లకి అంటుకోవాలని. పైన ఒక చెయ్యిలాంటిది మెల్లగా కదులుతూ పోయింది. పది నిమిషాలు. సూది లేదు, గొట్టంలోకి వెళ్లడం లేదు, ఎక్స్‌రే మోతాదు కూడా చాలా తక్కువ. కష్టమల్లా ఆ పది నిమిషాలు దగ్గకుండా ఉండడమే. ముందే నెబ్యులైజరు పెట్టుకుని కఫం తీసేసుకుని వెళ్లమని ఇప్పుడు అందరికీ చెబుతాను. నాకు రెండుసార్లు దగ్గొచ్చి మళ్లీ మొదట్నుంచి తీశారు.

ఫలితంలో 'జడ్ స్కోరు' అని ఉంటుంది. మన వయసు, మనలాంటి ఆడపిల్లలతో పోలిస్తే ఎముక సాంద్రత ఎక్కడుందో చెప్పే లెక్క. సున్నా అంటే సగటు. వెన్ను దగ్గర నాది మైనస్ 2.6. కానీ నేను పొట్టిదాన్ని, అప్పటికి 147 సెంటీమీటర్లు, 35 కిలోలు. చిన్న ఎముకను ఈ మిషను ఉన్నదానికన్నా బలహీనంగా చూపిస్తుందట. ఎత్తుకు తగ్గట్టు సరిచేస్తే మైనస్ 2.2. అది కూడా తక్కువే. అమ్మ ఏడుపు గొంతుతో "మా అత్తకి 70 ఏళ్లకి వచ్చిన జబ్బు నా బిడ్డకి 16 ఏళ్లకే వచ్చిందా?" అనడిగింది. డాక్టర్ గారు తొందరపడలేదు. ఈ వయసులో ఒక్క స్కాను చూసి ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అనకూడదన్నారు. వెన్ను ఎక్స్‌రే పక్క నుంచి తీయించి, పూసలేవీ అణగలేదని చూసి, "వయసుకు తగినంత ఎముక లేదు, అంతే. ఇంకా పోసుకునే వయసే" అన్నారు. ఆ మాట పట్టుకునే మేం ఆ రోజు బస్సెక్కాం.

ఎందుకిలా అయిందో ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. కొవ్వు అరగదు కాబట్టి దాంతో పాటు ఒంటికి పట్టాల్సిన డి, కె విటమిన్లు పోతాయి. ఊపిరితిత్తుల్లో ఎప్పుడూ రగులుతుండే వాపు, ఎముకను తోడే కణాలను ఎగదోస్తుంది. స్టెరాయిడ్ సంగతి సరే. బరువు తక్కువ. పదహారు నిండినా నేనింకా పెద్దమనిషిని కాలేదు, ఎముకకు కావలసిన ఆడ హార్మోను అందలేదు. చెడిపోయిన ఆ జన్యువుకు ఎముక కట్టే కణాల్లోనూ పనుందట. ఇంకో వేలు మిగిలింది. దాన్ని పట్టుకుని నన్నడిగారు: "ఆటలేమాడతావమ్మా?"

వేపచెట్టు అరుగు సంగతి చెప్పాను. అమ్మ తల దించుకుంది. పెద్దయ్యాక మనకుండే ఎముకలో దాదాపు పావు వంతు, ఎత్తు బాగా పెరిగే ఆ రెండేళ్లలోనే పోసుకుంటామని, ఆ కాలంలో ఎముక మీద బరువు, దెబ్బ పడాలని అప్పుడు చెప్పారు. టెన్నిస్ ఆడేవాళ్లకి బ్యాటు పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా లావుగా ఉంటుందట. అమ్మ ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అమ్మలు చదువుతుంటే ఒక్క మాట చెప్పాలి. ఆ ఉత్తరాలు రాసినందుకు నాకు మా అమ్మ మీద రవ్వంత కోపం లేదు. ఆడించమని అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

వ్యాయామం కన్నా ముందు సరిదిద్దుకున్న తప్పు ఒకటుంది. రక్తంలో విటమిన్ డి 11 ఉంది. సీఎఫ్ వాళ్లకి కనీసం 30 ఉండాలి. నేనేమో రెండేళ్లుగా వారం వారం 60 వేల యూనిట్ల పొడి వాడుతూనే ఉన్నాను! ఎలా వాడుతున్నావని ఆహార నిపుణురాలు అడిగింది. ఆదివారం పొద్దున్నే పరగడుపున, గ్లాసుడు నీళ్లలో. ఆమె పెన్ను కింద పెట్టేసింది. డి విటమిన్ కొవ్వులో కరిగేది. కొవ్వుతో తినాలి, ఆ కొవ్వు అరగాలంటే ఎంజైము గుళిక వేసుకోవాలి. ఉత్త నీళ్లలో వేసుకున్న రెండేళ్ల పొడీ చాలావరకు ఒంటికి పట్టకుండానే పోయిందన్నమాట. అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నం అన్నంలో నెయ్యి, ముందు గుళికలు, భోజనం మధ్యలో పాలలో పొడి. మోతాదు కూడా వాళ్లే మార్చారు. ఐదు నెలలకి 34 వచ్చింది. ఇది చదివే సీఎఫ్ పిల్లల ఇళ్లలో ఎవరైనా అలాగే పరగడుపున వేస్తుంటే, ఒక్కసారి మీ డాక్టర్‌ని అడగండి.

ఎండ చాలదా అని నాన్న అడిగాడు. మాది చిత్తూరు, ఎండకు కరువా? కానీ పక్కనున్న తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పొలంలో పనిచేసే పల్లె జనానికి కూడా డి విటమిన్ తగినంత లేదని, మన తిండిలో కాల్షియం తక్కువని తేలింది. రాగిలో కాల్షియం దండిగా ఉంది, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములు దాటి. అయితే దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లూ అందులోనే ఉంటాయి. అవ్వ రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టించడం మొదలుపెట్టింది. మొలకెత్తిస్తే ఆ ఫైటేట్లు తగ్గుతాయి. సంగటి, పెరుగు, నువ్వులుండ, రోజూ అర లీటరు పాలు. ప్రతిదానికీ గుళికలు.

పక్కటెముక అతుక్కోవడానికి ఆరు వారాలు ఆగాం. ఆ ఆరు వారాలూ దిండు గట్టిగా పక్కకి అదుముకుని దగ్గడం, మెల్లగా నడవడం, అంతే. తర్వాత ఫిజియోథెరపీ గదికి పంపారు. అక్కడి మేడమ్ తమిళం కలిసిన తెలుగులో మాట్లాడేది. ముందు నా చేత ఆరు నిమిషాలు నడిపించి ఎంత దూరం పోయానో కొలిచింది, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి. తర్వాత అంది: "నడిస్తే నీ ఊపిరితిత్తులకి మంచిది పాపా. ఈత, సైకిలు కూడా మంచివే. ఎముకకి అవి చాలవు. కాలు నేలకి గట్టిగా తగలాల." అమ్మ అదిరిపడింది. విరిగే ఎముకలున్న పిల్లని దూకమంటారా? మేడమ్ అమ్మ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా అని చెప్పింది.

మొదటి నెల దూకడమే లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, కూర్చోవడం. గోడకి చేతులు ఆనించి తోయడం. మునివేళ్ల మీద లేచి మడమలు 'ధబ్'మని నేలకి దించడం, ఇరవై సార్లు. బోర్లా పడుకుని ఛాతీ కొంచెం పైకెత్తడం, వెన్ను కండరాలకి. చెయ్యకూడనివి కూడా రాసిచ్చింది. వెల్లకిలా పడుకుని నడుం వంచి లేచే కసరత్తు వద్దు. ముందుకి వంగి బరువెత్తొద్దు. బిందె ఎత్తొచ్చు, కానీ మోకాళ్లు వంచి కూర్చుని, బిందెను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవాలి. నాన్న చూస్తుండగా నేను మొదటి బిందె అలా ఎత్తిన రోజు నాకు బాగా గుర్తుంది. సగం నీళ్లే. నాన్న చేతులు చాచి నా వెనకాలే నిలబడ్డాడు, నడవడం నేర్చుకునే పిల్ల వెనక నిలబడ్డట్టు.

రెండో నెలలో గంతులు. ఉన్నచోటనే, బెత్తెడు ఎత్తు, పదిసార్లు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ పది. ఇలా మూడు విడతలు, వారానికి మూడు రోజులు. పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. ఎందుకలా విడగొట్టాలని అడిగితే మేడమ్ చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. ఎముక లోపలి కణాలు దెబ్బను గుర్తుపడతాయి, కానీ కొన్ని పదులు దాటాక వినడం మానేస్తాయి. కొన్ని గంటలు వదిలేస్తే మళ్లీ కొత్తగా వింటాయి. అందుకే ఒకేసారి రెండొందలు గెంతి అలిసిపోవడం కన్నా పొద్దున నలభై, సాయంత్రం నలభై మేలు. ఊపిరి తక్కువున్న నాబోటివాళ్లకి ఇది దేవుడిచ్చిన వరంలా అనిపించింది. ఎముకకి గంటలకొద్దీ దమ్ము అక్కర్లేదు.

నిజం చెప్పాలంటే మూడో నెలకి విసుగొచ్చింది. గదిలో ఒక్కదాన్నే గోడకేసి చూస్తూ గంతులేయడం ఎంతకాలమని చేస్తాం? ఒకరోజు సాయంత్రం మానేసి పడుకున్నాను. అవ్వ వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, "ఏం గంతులే అవి? చూపించు" అంది. చూపించాను. కాసేపు చూసి, "దీనికా ఆసుపత్రి! మేం బిళ్లాడితే ఇంతకన్నా గట్టిగా గెంతేవాళ్లం" అని, వంటింట్లోంచి ముగ్గుడబ్బా తీసుకుని మేడెక్కింది. 70 దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, గోడ పట్టుకుని ఎక్కింది. మేడ మీద వంగి ముగ్గుతో గడులు గీసింది. నాలుగు అటు, నాలుగు ఇటు, మధ్యన నిలువు గీత. పెంకుముక్క ఒకటి నేలకి రుద్ది గుండ్రంగా చేసి నా చేతిలో పెట్టింది. మొదటి గడిలో వెయ్యాలి, ఒంటికాలి మీద గెంతుతూ గీత తొక్కకుండా, బిళ్లని కాలితో తోసుకుంటూ అన్ని గడులూ దాటించాలి.

ఒంటికాలి మీద గెంతితే ఒంటి బరువంతా, ఆ పైన దూకిన వేగం కూడా ఒక్క తుంటి మీదే పడుతుంది. పక్కకి, ముందుకి, తిరిగి వెనక్కి, ప్రతిసారీ వేరే కోణంలో. మేడమ్‌కి ఫోనులో వీడియో పంపితే ఆమె చాలా సంతోషపడింది. కుడికాలు ఎన్ని, ఎడమకాలు ఎన్ని అని సమానంగా లెక్కపెట్టుకోమంది. సిమెంటు మీద ఉత్తకాళ్లతో కాకుండా కాన్వాసు బూట్లతో ఆడమంది. ఇక అప్పట్నుంచి నాకు ఎవరూ గుర్తు చెయ్యాల్సిన పని రాలేదు. మొదటి వారం మూడో గడి దాటలేకపోయాను. గెంతుతుంటే కఫం కదిలి పైకొచ్చేది, ఆగి ఊసి మళ్లీ మొదలు. అప్పటిదాకా నెబ్యులైజరు తర్వాత గంటసేపు తంటాలుపడితే వచ్చే కఫం, ఆటలో తనంతట తానే ఊడొచ్చేది.

చెప్పడానికి చాలారోజులు సిగ్గుపడిన విషయం ఒకటి. గట్టిగా దగ్గినా గెంతినా ఒకటి రెండు చుక్కలు మూత్రం జారేది. నాకొక్కదానికే అనుకున్నాను. ఆ భయంతోనే రెండు వారాలు ఆట ఎగ్గొట్టి, కాలు నొప్పని అబద్ధం చెప్పాను. చివరికి మేడమ్‌కి చెవిలో చెబితే, ఏళ్లతరబడి దగ్గే ఆడపిల్లల్లో ఇది మామూలే, కడుపులో ఒత్తిడికి కింది కండరాలు వదులవుతాయి అంది. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలున్నాయి కదా, వాటిని బిగించి పది లెక్కపెట్టి వదలడం రోజూ చెయ్యాలి. దగ్గు వచ్చే ముందు, గెంతే ముందు ఒకసారి బిగించాలి. మూడు నెలల్లో నూటికి తొంభై పాళ్లు తగ్గింది. అమ్మాయిలూ, దీని కోసం ఆట మానొద్దు. నోరు తెరిచి అడగండి.

2023 ఏప్రిల్‌లో పెద్ద దెబ్బ తగిలింది, అది ఎముకకి కాదు. సెలవులు, ఉత్సాహం. సాయంత్రం ఐదింటికే మేడెక్కి గంటకు పైగా ఆడాను. సిమెంటు ఇంకా సెగలు కక్కుతోంది. దాహం వెయ్యలేదు, నీళ్లు తాగలేదు. దిగేటప్పుడు పిక్కలు పట్టేశాయి, వాంతులయ్యాయి, రాత్రికి మాట తడబడింది. ఊళ్లో ఆసుపత్రిలో ముందు మామూలు వడదెబ్బ అనుకున్నారు. నాన్న మా ఫైలు చూపించి సీఎఫ్ అని చెప్పాక రక్తం పరీక్ష చేస్తే సోడియం 122. ఉండాల్సింది 135 పైన. మా చెమటలో ఉప్పు మామూలు మనుషులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పోతుంది. నీటితో పాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి రక్తం చిక్కబడదు, మెదడుకి దాహం కబురు సరిగ్గా అందదు. అసలు ఈ జబ్బులో చెమట సంగతి బయటపడిందే ఎండల వల్ల. 1948 వేసవిలో న్యూయార్క్‌లో విపరీతమైన ఎండలు కాసినప్పుడు సొమ్మసిల్లి ఆసుపత్రికొచ్చిన పిల్లల్లో సీఎఫ్ పిల్లలు ఎక్కువగా ఉండడం పాల్ డి సాంటాన్యేస్ అనే వైద్యుడు గమనించాడు. 1953లో ఆ చెమటలో ఉప్పెంతో లెక్కతేల్చి ప్రచురించారు. న్యూయార్క్ ఎండకే అలా అయితే చిత్తూరు ఎండకి ఏం కావాలి? నా నల్ల చుడీదారు వీపు మీద ఎండిన తెల్ల చారలు అమ్మ ఎన్నేళ్లుగా ఉతుకుతోందో!

ఆ తర్వాత నియమాలు పెట్టుకున్నాం. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు లోపు, లేదా చీకటి పడ్డాక దీపం వేసుకుని ఆట. మొదలుపెట్టే ముందు ఓఆర్ఎస్ గ్లాసుడు, మధ్యలో ఉప్పు ఎక్కువేసిన మజ్జిగ. దాహంతో పనిలేదు, గడియారం చూసి తాగడమే. పచ్చడి, ఊరగాయ, అప్పడం నాకెవరూ వద్దనరు. ఆక్సిజన్ 90 కిందికి వస్తే ఆపాలి. జ్వరం ఉన్నా, కఫంలో రక్తం చార కనిపించినా, వెన్నులో కొత్త నొప్పి వచ్చినా ఆ రోజు ఆట లేదు, ఫోను చెయ్యాలి. ఇవి నా డాక్టర్లు నాకు పెట్టిన హద్దులు. మీవి మీ డాక్టర్లని అడిగే పెట్టుకోండి.

రెండో స్కాన్ 2023 ఆగస్టులో. ఈసారి దగ్గు రాలేదు. ఎత్తుకు సరిచేసిన లెక్క మైనస్ 1.8. మధ్యలో 2022 సెప్టెంబరులో నేను పెద్దమనిషినయ్యాను, బరువు 35 నుంచి 42కి వచ్చింది, స్టెరాయిడ్ మళ్లీ వెయ్యలేదు, డి విటమిన్ నిలబడింది. కాబట్టి గంతులొక్కటే చేశాయని నేననను. డాక్టర్ గారు కూడా అనలేదు. కానీ కాళ్లలో పిక్కలు కనపడ్డం మొదలైంది. నడుం నిటారుగా నిలబడింది. ఊపిరి పరీక్ష 61కి వచ్చింది. చలికాలంలో సూడోమోనాస్ క్రిమి వచ్చి మళ్లీ 14 రోజులు ఆసుపత్రిలో పడ్డాను. ఈసారి మేడమ్ నన్ను మంచం మీద ఉండనివ్వలేదు. చేతికి సూది గొట్టంతోనే కుర్చీలోంచి లేవడం, మడమలు దించడం రోజూ చేయించింది. పడుకున్న ప్రతి వారం ఎముక కరుగుతుందని ఆమెకి కంగారు.

2025 మార్చిలో మూడో స్కాన్, మైనస్ 1.4. ఊపిరి 58 దగ్గర నిలిచింది. విదేశాల్లో 2019లో వచ్చిన మూడు మందుల మాత్ర ఎంతోమంది జీవితాలు మార్చేసింది. దాని ఖరీదు ఏడాదికి కోట్లలో ఉంటుంది, మా ఇంటికి అందేది కాదు. దాని కోసం పోరాడేవాళ్లు పోరాడుతున్నారు, వాళ్లకి నా దండం. అదొచ్చేదాకా నా ఎముకలు నిలబడి ఉండాలి.

కిందటేడు వేలూరులో అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మ మా అమ్మతో మాట కలిపింది. వాళ్ల పాపకి 11 ఏళ్లు, ఇదే జబ్బు. ఆ పాపా నేనూ మాస్కులు పెట్టుకుని హాలుకి చెరో చివర కూర్చున్నాం. సీఎఫ్ ఉన్న ఇద్దరు దగ్గరగా ఉండకూడదు, ఒకరి క్రిములు ఇంకొకరికి చాలా ప్రమాదం. ఇంత పెద్ద దేశంలో నాలాంటి పిల్ల కనిపించినా చెయ్యి పట్టుకోవడానికి లేదు. ఆ అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "స్కూల్లో ఆటలు మానిపించేశాం, మంచిదేనా?" అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా ఫిజియోథెరపీ గదికి తీసుకెళ్లింది.

ఇప్పుడు మంగళ, గురు, శనివారాల్లో సాయంత్రం ఆరున్నరకి వీడియో కాల్. వాళ్ల వాకిట్లో వాళ్ల నాన్న సుద్దతో గీసిన గడులు, మా మేడ మీద అవ్వ ముగ్గుతో గీసిన గడులు. వాన పడితే చెరిగిపోతాయి, మర్నాడు అవ్వ మళ్లీ గీస్తుంది. ముందు ఇద్దరం ఓఆర్ఎస్ గ్లాసులు ఫోనుకి చూపించాలి, అదీ పద్ధతి. నిన్న పాప ఏడో గడి దాకా వచ్చి గీత తొక్కింది.

"అక్కా, చూసేశావా?"

"చూశా. మళ్లీ మొదట్నుంచి."

నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు రొప్పింది, పక్కకి తిరిగి దగ్గి ఊసింది, బిళ్ల తీసుకుని మొదటి గడి దగ్గరికి నడిచింది.